‘సాయంత్రం రండి’ అనని దుకాణం

మందులిచ్చే పని అని చెప్పి నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు. చేసింది మాత్రం ఎక్కువగా మందులు వెతికే పని. ఈ ముక్క కాలేజీలో ఎవరూ చెప్పరు. మా చర్చిలో ఫార్మసీ చదువుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురున్నారు. మొన్న ఆరాధన అయ్యాక నన్ను పట్టుకుని, “ఆంటీ, ఉద్యోగం ఎలా ఉంటుందో చెప్పండి” అన్నారు. నిలబడి చెప్పే సంగతి కాదు, రాసిస్తాను పొమ్మన్నాను. నేను అన్నమాట మీద నిలబడే మనిషిని కాబట్టి రాస్తున్నాను.

మాది రాజోలు వైపు. మా తాత కూలికి వెళ్ళేవాడు, మా నాన్న మిషన్ స్కూల్లో మేష్టారు, నేను ప్రభుత్వాసుపత్రుల్లో ఫార్మసిస్టును. బదిలీలన్నీ కోనసీమలోనే తిరిగాయి. ఏ ఊళ్ళో ఉన్నా నా చోటు మాత్రం మందులిచ్చే కిటికీ వెనకే. ప్రమోషన్ల గురించి అడక్కండి, చెబితే నాకు బీపీ పెరుగుతుంది. చివరగా పనిచేసిన ఆసుపత్రి పేరు రాయను. ఇందులో వచ్చే వాళ్ళ పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మన మర్యాదతో వచ్చే చిక్కు

మన గోదావరి మనిషి నోట ‘లేదు’ అనే మాట రాదు. పెళ్ళికి రావడానికి వీలుపడనివాడు కూడా శుభలేఖ కళ్ళకద్దుకుని “ఆయ్, తప్పకుండానండి” అంటాడు. రాడని పిలిచినవాడికీ తెలుసు. ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోతారు. బయటి జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చే డాక్టర్లు మొదటి నెలంతా ఈ మర్యాదకు మురిసిపోతారు, రెండో నెల నుంచి జుట్టు పీక్కుంటారు. నాకు మాత్రం ఈ మర్యాదంటే ఇష్టమే. మాట కరుకుగా ఉన్నచోట నేను ఒక్కపూట కూడా బతకలేను.

కానీ మందుల షాపులో ఈ మర్యాద మనిషిని ముంచుతుంది. “సాయంత్రం రండమ్మా.” “స్టాకు దార్లో ఉందండి.” “రేపు చూద్దామండి.” మూడింటికీ అర్థం ఒకటే, మా దగ్గర లేదు, రాదు అని. మన ఊళ్ళలో పుట్టిన ప్రతివాడికీ ఆ అర్థం తెలుసు. అవసరం తన నెత్తిమీదికి వచ్చినప్పుడు మాత్రం తెలిసిన సంగతి కూడా మర్చిపోయి నమ్మేస్తాడు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి నిలబడతాడు.

నా మొదటి పై అధికారి ప్రకాశం గారు. చీఫ్ ఫార్మసిస్టు. పొట్టిగా, ఎప్పుడూ తెల్ల ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. ఆసుపత్రిలో ఇన్సులిన్ అయిపోయిన రోజున నేను ఒక షాపుకి ఫోన్ చేసి “ఉందాండీ?” అని అడిగాను. “ఆయ్, ఉందండి” అన్నారు. ఇన్సులిన్ కోసం వచ్చిన పెద్దాయన్ని ఆ షాపుకి బస్సెక్కించాను. ఆయన ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ప్రకాశం గారు నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

“అమ్మా, ఉందా అని అడక్కూడదు. ఉందా అంటే ఉందనే అంటారు, కాదంటే నువ్వెక్కడ నొచ్చుకుంటావోనని. పెట్టె చేత్తో పట్టుకుని, దాని మీద ఎక్స్‌పైరీ తేదీ చదవమని అడుగు. చదివేరా, ఉన్నట్టు. చదవలేదా, ఇంకో షాపుకి ఫోన్ చెయ్యి.”

నా మొత్తం సర్వీసులో నాకు ఇంతకన్నా పనికొచ్చిన చదువు లేదు. పిల్లలూ, మీరు కూడా అలాగే అడగండి. అవతలివాళ్ళు కాస్త చిన్నబుచ్చుకుంటారు, ఫరవాలేదు.

భవాని

నేను రిటైరవడానికి కొంచెం ముందు జరిగిందిది. మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక ఒకమ్మాయి కిటికీ దగ్గరకొచ్చింది. చంకలో పిల్ల, చేతిలో నాలుగు మడతలు పెట్టిన మందుల చీటీ. పేరు భవాని అనుకుందాం. ముమ్మిడివరం అవతల సముద్రం వైపు పల్లె. భర్త వేటకెళ్ళే బోటు మీద పనిచేస్తాడు, అప్పటికి సముద్రంలో ఉన్నాడు. మనిషి బక్కగా ఉంది కానీ కళ్ళు చురుకు.

చీటీ విప్పి చూశాను. మా గైనకాలజిస్టు సుభాషిణి గారు రాసింది. గర్భస్రావానికి వాడే మాత్రల ప్యాకెట్టు. చీటీ మీద తేదీ మంగళవారానిది. ఆవేళ శుక్రవారం.

“ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా?” అన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలిసింది.

“తిరుగుతున్నానండి” అంది. “మన ఆసుపత్రిలో అయిపోయినియ్యి, బయట తెచ్చుకోమని డాక్టరమ్మగారు రాసిచ్చేరండి. షాపులో ఇస్తే సీటీ సూసి, సాయంకాలం రామ్మా అన్నారండి. ఎల్లానండి. రేపు స్టాకొత్తాది రామ్మా అన్నారండి. ఎల్లానండి. ఇంకో షాపులో కూడా అంతేనండి. కూర్సోబెట్టి మంచినీళ్ళిచ్చేరు కూడానండి. ఎవరూ లేదని సెప్పలేదండి.”

నాకు కోపంతో చెవులు వేడెక్కాయి. ఆ అమ్మాయి మీద కాదు.

తనని తీసుకుని సుభాషిణి గారి గదికి వెళ్ళాను. సుభాషిణి గారిది మెత్తని మాట. ఎంత మెత్తగా మాట్లాడినా చెప్పవలసింది దాటవేసే మనిషి కాదు. భవానికి కిందటి కాన్పు ఆపరేషన్. టేబుల్ మీద రక్తం ఆగక ప్రాణం మీదికి వచ్చింది. రెండేళ్ళ దాకా మళ్ళీ కడుపు రాకూడదని అప్పుడే గట్టిగా చెప్పారు. పిల్లకి పాలిస్తున్నాను కదా, రాదులే అనుకుంది భవాని. చాలామంది అలాగే అనుకుంటారు. వచ్చింది.

“ఇవి తొమ్మిది వారాల్లోపే వాడాలి కదండీ. స్కానింగు ప్రకారం రేపటితో నిండిపోతాయి” అన్నారు సుభాషిణి గారు నాతో. తర్వాత భవాని వైపు తిరిగి, “రేపు దాటితే మాత్రలతో కాదమ్మా. కాకినాడ పెద్దాసుపత్రికి పంపాలి. అక్కడ చిన్న ఆపరేషన్‌తో తీస్తారు. భయపడాల్సింది కాదు, వాళ్ళు బాగా చేస్తారు” అన్నారు.

భవాని పిల్లని గట్టిగా పట్టుకుంది. “ఆ బల్ల మీదకి మళ్ళీ ఎక్కలేనండి. దీన్ని కన్నప్పుడు నేను సచ్చిపోయాననే అనుకున్నానండి. మా ఆయన కూడా బోటెక్కే ముందు పోన్లో అదే అన్నాడండి, నీకేమన్నా అయితే నేనీ పిల్లతో ఏం సెయ్యాలే అని.” ఆ వెంటనే, “నేను తప్పు పని సేత్తన్నానేమోనండి, అందుకే ఎవరూ ఇవ్వట్లేదేమో” అంది.

ఆ మాటకి నా మనసు చివుక్కుమంది. తిన్నగా లేదని చెప్పేస్తే మందు దొరకలేదని వేరే దారి చూసుకునేది. అందరూ తీయగా మాట్లాడి పంపేసరికి తప్పు తనలో వెతుక్కుంటోంది.

ఆ మందు ఎందుకు దొరకదు

కొత్తగా చేరేవాళ్ళకి ఇది తెలియాలి. ఆ మాత్రలు మన దేశంలో నిషేధం కాదు. అర్హత ఉన్న డాక్టరు పరీక్ష చేసి చీటీ రాస్తే వాడుకోవచ్చు. మేజరైన ఆడమనిషికి తన అంగీకారం చాలు, భర్త సంతకం అక్కర్లేదు. ఈ ముక్క తెలియక “మీ ఆయన్ని తీసుకురామ్మా” అనే షాపులు ఎన్నో చూశాను.

చీటీ లేకుండా, బల్ల కింద నుంచి ఈ మాత్రలు అమ్మేవాళ్ళు కొందరు ఉండేవారు. వాడకం తెలియక, నెలలు దాటాక మింగిన ఆడవాళ్ళు రక్తం కారుతూ మా ఆసుపత్రికి వచ్చేవారు. తనిఖీలు బిగించారు. బిగించాల్సిందే. కానీ అప్పుడేమైంది? దొంగతనంగా అమ్మేవాడు ఇంకొంచెం చాటుకి వెళ్ళాడు. నిజాయితీగా అమ్మేవాడు “మనకెందుకండీ ఈ తలనొప్పి” అని మందే మానేశాడు. చీటీ ఉన్న మనిషికి దొరకని మందు, చీటీ లేనివాడికి దొరికే పరిస్థితి వచ్చింది. ఇది నాకు మింగుడు పడదు.

మా చర్చిలో కొందరికి నేను ఈ సంగతి రాయడమే నచ్చదు. నాకు తెలుసు. వాళ్ళ నమ్మకాన్ని నేను కాదనను. వాళ్ళు వచ్చి ఒక్క వారం ఆ కిటికీ వెనక నిలబడితే బాగుండునని మాత్రం అనుకుంటాను.

ఫోన్లు

సుభాషిణి గారి గదిలోనే కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాను. అమలాపురంలో నాకు తెలియని షాపు లేదు.

“ఆయ్, చెప్పండి మేడం గారూ! ఎన్నాళ్ళకండీ! అమ్మాయి గారు బాగున్నారాండీ?”

“బాగుందండి. ఈ మందు మీ దగ్గరుందా?”

“తెప్పించేద్దామండి. మీరడిగితే కాదంటామా?”

“ఇప్పుడు మీ చేతిలో ఉందాండీ? ఎక్స్‌పైరీ చదవండి.”

అటువైపు నవ్వు. “మీరు భలేవారండీ!”

ఇలా ఒకదాని తర్వాత ఒకటి. ఒకాయన నన్ను తన మనవరాలి అన్నప్రాశనకు పిలిచాడు. మందు సంగతి మాత్రం దాటేశాడు. రాజోలులో మా వేలువిడిచిన తమ్ముడి షాపుంది. వాడు కూడా “అక్కయ్యా, సోమవారం చూద్దామా?” అన్నాడు. సోమవారం ఎవడిక్కావాలి!

ఇక మిగిలింది కొత్తపేట గంగరాజు గారు. ఆయనకి ఫోన్ చేయడం మా ఉద్యోగుల్లో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. మనిషి అంత పెడసరం. నమస్కారానికి నమస్కారం పెట్టడు. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగిన సర్పంచిని పదిమందిలో “నువ్వు డాక్టరువా?” అన్నాడని చెప్పుకునేవారు. నేను కూడా ఆయన్ని తప్పించుకు తిరిగినదాన్నే. కానీ ఆవేళ నాకు వేరే దిక్కు లేదు.

మందు పేరు చెప్పాను.

“ఉంది” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే పెట్టె తీసిన చప్పుడు వినిపించింది. బ్యాచి నంబరు, ఎక్స్‌పైరీ గడగడా చదివేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

“చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరుందా?”

“ఉందండి.”

“స్కానింగ్ తీసేరా?”

“తీసేరండి.”

“అయితే ఆవిణ్ణి పంపండి. ఆవిడే రావాలి. మొగుడొచ్చినా ఇవ్వను, మరిదొచ్చినా ఇవ్వను. మింగేది ఎవరో వాళ్ళకే చెప్పి ఇస్తాను.” అని పెట్టేశాడు. ఉంటానండి అని కూడా అనలేదు.

సంగతి చెబితే సుభాషిణి గారు నవ్వారు. “మీరు కూడా వెళ్ళండి. మాత్రలు తీసుకుని తిన్నగా ఇక్కడికే రండి. ఎంత ఆలస్యమైనా నేను ఇక్కడే ఉంటాను” అన్నారు. ఓపీ అయిపోగానే ఇంటికి వెళ్ళే డాక్టర్లని కూడా చూశాను కాబట్టి ఈ మాట విలువ నాకు తెలుసు. పూట సెలవు రాసి పెట్టి బయల్దేరాను.

కొత్తపేటలో

బస్సులో భవాని కిటికీ పక్కన కూర్చుని దారంతా ఒక్క ప్రశ్నే నాలుగు రకాలుగా అడిగింది. “నిజంగా ఉందన్నారాండీ?” పిల్ల నా ఒళ్ళో నిద్రపోయి నా చీర తడిపేసింది.

షాపు దగ్గర జనం ఉన్నారు. గంగరాజు గారు ఎవరినో కేకలేస్తున్నాడు. “నిద్రమాత్రలేంటయ్యా, పిప్పరమెంట్లనుకున్నావా? చీటీ తీసుకురా. లేదంటే నడు!” ఆ పెద్దమనిషి గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

భవాని నా చెయ్యి పట్టేసుకుంది. “మేడం గారండీ, ఈయన అందరి ముందూ మాత్తర పేరు పెట్టి అరిసేత్తాడేమోనండి. మా ఊరోళ్ళు కూడా ఇటొత్తా ఉంటారండి.”

ఆ భయం నాకూ ఉంది. అయినా ముందుకు నడిచి చీటీ బల్ల మీద పెట్టాను. ఆయన చూశాడు. నా మొహం, భవాని మొహం, పిల్లని చూశాడు. ఒక్క మాట మాట్లాడకుండా బల్ల పక్కనున్న చిన్న తలుపు తీసి, లోపల ఫ్రిజ్జు దగ్గర స్టూలు చూపించాడు. బయట జనాన్ని, “కాస్త ఆగండి, పనుంది” అన్నాడు. అంతే, వాళ్ళు ఆగారు.

లోపలికి వచ్చాక ఆ మనిషి గొంతు మారిపోయింది. అంత చిన్న గొంతు ఆయనకుందని కొత్తపేటలో ఎవరైనా నమ్ముతారో లేదో.

“ఏమ్మా, ఇది నీకిష్టమయ్యే వేసుకుంటున్నావా? ఎవరన్నా బలవంతం పెట్టేరా?”

“లేదండి. నాకిష్టమేనండి. నేను బతకాలండి” అంది భవాని.

“సరే తల్లీ. ఇదిగో, ఈ విడిగా ఉన్నది మొదటిది. దీన్ని డాక్టరమ్మగారి ఎదురుగా వేసుకో. మిగతావి ఆవిడ చెప్పిన రోజున, చెప్పినట్టు. నొప్పొస్తాది, రక్తం పోతాది, అది ఈ మందు చేసే పనే. కానీ పెద్ద ప్యాడ్లు గంటకి రెండు చొప్పున నిండిపోతా రెండు గంటలు అలాగే సాగిందనుకో, లేపోతే జ్వరం తగ్గలేదనుకో, సిగ్గుపడకుండా ఆసుపత్రికి పోవాలి. ఏం చెప్పేనో ఓసారి చెప్పు.”

ఆమె అప్పజెప్పింది. ఒకచోట తడబడితే మళ్ళీ చెప్పించాడు. నాకు కూడా తెలిసిన సంగతులే అవన్నీ. కానీ నేను కిటికీలోంచి ఇన్నేళ్ళూ చెప్పినవి ఎంతమంది చెవికెక్కాయో నాకు తెలియదు. ఆయన ఎక్కేదాకా వదల్లేదు.

“నల్ల కవరుంటే అందులో పెట్టండి” అంది భవాని నెమ్మదిగా. ఆడవాళ్ళ సరుకేదైనా మన షాపుల్లో నల్ల కవర్లో చుట్టి ఇవ్వడం రివాజు కదా.

“నా షాపులో అందరికీ ఇదే కవరమ్మా” అని, దగ్గు మందు పెట్టే కాగితం కవర్లోనే పెట్టి ఇచ్చాడు. “నల్లది చూస్తేనే జనానికి ఆరా ఎక్కువ. ఇదైతే ఎవడూ తలెత్తి చూడడు.”

భవాని పిల్లతో బయటికి నడిచాక నేను ఒక్క నిమిషం ఆగాను. ఎవరూ పెట్టని మందు మీరెందుకు పెడుతున్నారు, భయం లేదా అని అడిగాను.

“ఎందుకుండదండి? పెళ్ళాం బిడ్డలున్నోణ్ణి. తనిఖీకొచ్చిన ప్రతి ఆఫీసరూ ముందు దీన్నే అడుగుతాడు. చూపిస్తాను. లెక్క సరిగ్గా ఉంటే ఆళ్ళు మాత్రం ఏమంటారు? గుండె మందుకి చీటీ తెస్తే ఇచ్చి, దీనికి చీటీ తెస్తే మొహం తిప్పుకుంటే నేను షాపెందుకు తెరిచినట్టండి?” అన్నాడు. తర్వాత బయట జనం వైపు చూసి, “నా మాట కరుకని అందరూ అంటారు. లేనిదానికి లేదంటాను. కోపమొస్తాది ఆళ్ళకి. కానీ టైముండగానే ఇంకో షాపుకి పోతారు గదండీ!” అన్నాడు.

దండం పెట్టాను. ఈసారి కూడా తిరిగి పెట్టలేదు, అప్పటికే ఎవరి చీటీయో లాక్కుని చూస్తున్నాడు. నా ఉద్యోగంలో నేను చాలామంది గొప్ప డాక్టర్లని చూశాను. వాళ్ళ పక్కన నేను పెట్టే మనుషుల్లో ఈయనొకడు.

పిల్లలూ, మీకు నేను చెప్పేది ఒకటే. ఆయన కరుకుదనం నేర్చుకోనక్కర్లేదు, మన మర్యాద మనకుండనివ్వండి. ‘లేదండీ’ అనడం కూడా మర్యాదే. లేదని చెప్పి, ఎక్కడుందో కనుక్కుని, ఆ మనిషి బస్సెక్కేదాకా మీ పని అయినట్టు కాదు. డాక్టరు చీటీ రాసిన మందు మంచిదా చెడ్డదా అని మనసులో తీర్పు చెప్పుకుంటూ నిలబడేవాళ్ళు దయచేసి వేరే ఉద్యోగం చూసుకోండి.

స్కానింగు గదిలో

మేము తిరిగొచ్చేసరికి ఆసుపత్రి ఖాళీగా ఉంది. సుభాషిణి గారు ఒక్కరే తన గదిలో కూర్చుని ఉన్నారు. మొదటి మాత్ర ఆవిడే చేతికిచ్చారు. భవాని కళ్ళు మూసుకుని మింగి, గ్లాసుడు నీళ్ళూ తాగేసింది. తర్వాతవి వేసుకునే రోజున ఇంటికి పంపకుండా ఆసుపత్రిలోనే మంచమిచ్చి చూసుకున్నారు. ఆ పూటంతా భవాని నొప్పికి మంచం ఊచ పట్టుకుని మూలిగింది కానీ, ఎవరినీ ఒక్క మాట అనలేదు.

రెండు వారాలకి మళ్ళీ స్కానింగుకి రమ్మన్నారు. ఆవేళ నేను కిటికీ వేరేవాళ్ళకి అప్పజెప్పి వెళ్ళాను. నన్నెవరూ పిలవలేదు. వెళ్ళకుండా ఉండలేకపోయాను. పిల్లని నేను ఎత్తుకున్నాను. భవాని బల్ల మీద పడుకుని, పైకప్పు వైపు చూస్తోంది. సుభాషిణి గారు తెర మీద కళ్ళు పెట్టి చాలాసేపు చూశారు.

“అయిపోయిందమ్మా. అంతా బాగుంది” అన్నారు.

భవానికి, పాపం, నమ్మకం కుదరలేదు. డాక్టరమ్మ మెత్తని గొంతు విని, నవ్వు మొహాన్ని పరీక్షగా చూసింది.

“నిజంగానాండీ? లేపోతే నేను బాధపడతానని మర్యాదకి అంటున్నారాండీ?”

నేను తల దించుకున్నాను. సుభాషిణి గారు తెరని రెండు చేతులతో పట్టుకుని పూర్తిగా భవాని వైపు తిప్పారు. వేలు పెట్టి చూపించారు.

“ఇదిగో, నువ్వే చూడు. లేదమ్మా. ఏమీ లేదు.”

భవాని తల ఎత్తి చూసింది. ఆ తెర మీద తనకేమర్థమైందో నాకు తెలియదు. “లేదన్నమాటండీ” అంది ఒకసారి. “లేదు” అంది మళ్ళీ, ఈసారి తనలో తను. అప్పుడు లేచి కూర్చుని, నా చేతుల్లోంచి పిల్లని లాక్కుని, గట్టిగా ఏడ్చింది.